పరుగుకు ముందు గుండెను అడుగుదాం

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అన్నారు మన పెద్దలు. ఈ మాటను నేటి దూర పరుగు అభిమానుల ముందు అంటే చిరునవ్వు నవ్వి ముందుకు సాగిపోతారు. 2004వ సంవత్సరంలో ముంబయి మారథాన్ ప్రారంభమైన తరువాత మన దేశంలో దూర పరుగు ఒక ఉద్యమంలా వ్యాపించింది. హైదరాబాదులోను, విశాఖపట్నంలోను ఏటా వేలాది మంది పరుగులలో పాల్గొంటున్నారు. మన టౌన్‌షిప్‌లో సైతం మొదటి షిఫ్టు బస్సు కదలకముందే వీధి దీపాల వెలుగులో పరుగు తీసేవారు కనిపిస్తున్నారు. ఇది ఎంతో సంతోషించదగిన పరిణామం. అయితే ఈ ఉత్సాహంలో మేము చేసిన ఒక పొరపాటును, దాని నుండి నేర్చుకున్న పాఠాన్ని తోటి ఉద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మా పరుగు బృందంలోని సహోద్యోగి ఒకరు మారథాన్ కోసం 16 వారాల శిక్షణ పట్టికను సంపాదించి ఇంట్లో గోడకు అంటించుకున్నారు. మంగళవారం వేగపు పరుగులు, గురువారం మరికొంత కఠినమైన పరుగు, ఆదివారం సుదీర్ఘమైన పరుగు. పట్టిక చక్కగానే ఉంది. కాని వరుసగా మూడు రాత్రి షిఫ్టులు చేసిన తరువాత వచ్చే మంగళవారానికి, హాయిగా నిద్రపోయిన తరువాత వచ్చే మంగళవారానికి ఆ పట్టికలో తేడా లేదు. ఆయన ఒక్క రోజు కూడా తప్పించలేదు. పన్నెండవ వారం వచ్చేసరికి వేగం పెరగకపోగా తగ్గింది. నిద్ర పట్టడం లేదన్నారు. జలుబు వదలడం లేదన్నారు. మేము ఏమన్నాము? "ఇంకా నాలుగు వారాలే కదా, కాస్త గట్టిగా ప్రయత్నించండి" అన్నాము. చివరకు ఆ మారథాన్‌లో ఆయన 30వ కిలోమీటరు వద్ద ఆగిపోయారు. వైద్యులు పరీక్షించి జబ్బు ఏమీ లేదని, శరీరం పూర్తిగా అలసిపోయిందని, కొన్ని వారాలు విశ్రాంతి తీసుకోవాలని చెప్పారు. తప్పు ఆయనది మాత్రమే కాదు. అలసటను బలహీనతగాను, విశ్రాంతిని సోమరితనంగాను భావించిన మా అందరిదీ.

పట్టికను బట్టియా, పరిస్థితిని బట్టియా?

కర్మాగారంలో పనిచేసే మనకు ఈ సమస్య నిజానికి కొత్తది కాదు. యంత్రాల నిర్వహణలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఇన్ని గంటలు నడిచిన తరువాత పంపును విప్పి చూడాలి, ఇన్ని నెలలకు బేరింగు మార్చాలి అని ముందే తేదీలు నిర్ణయించడం మొదటి పద్ధతి. బేరింగు ప్రకంపనలను, ఉష్ణోగ్రతను, నూనె స్థితిని ఎప్పటికప్పుడు గమనిస్తూ, యంత్రం పరిస్థితిని బట్టి నిర్ణయం తీసుకోవడం రెండవది. దీనినే మన మెయింటెనెన్స్ విభాగం వారు కండిషన్ మానిటరింగ్ అంటారు. బాగా నడుస్తున్న యంత్రాన్ని తేదీ వచ్చిందని విప్పడం ఎంత తప్పో, మొరాయిస్తున్న యంత్రాన్ని తేదీ ఇంకా రాలేదని నడపడం అంతకంటె పెద్ద తప్పు.

యంత్రాల విషయంలో మనం ఇంత వివేకంతో ఉంటూ, మన శరీరాన్ని మాత్రం గోడ మీది కాగితానికి అప్పగిస్తున్నాము. శరీరం పరిస్థితిని తెలుసుకొనే సాధనం ఏదైనా ఉన్నదా? ఉన్నది. అది మన గుండె లయలోనే దాగి ఉన్నది.

గడియారంలా కొట్టుకోని గుండె

ఆరోగ్యవంతుని గుండె గడియారంలా సమానంగా కొట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. నిమిషానికి 60 సార్లు కొట్టుకొనే గుండెలో ఒక్కొక్క స్పందనకు సరిగ్గా ఒక సెకను పట్టదు. ఒకటి 980 మిల్లీసెకన్లు అయితే మరొకటి 1,020, ఇంకొకటి 990 ఉంటుంది. స్పందనకు స్పందనకు మధ్య ఉండే ఈ స్వల్పమైన హెచ్చుతగ్గులనే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. సంక్షిప్తంగా హెచ్.ఆర్.వి. అని వ్యవహరిస్తారు.

ఈ హెచ్చుతగ్గులు ఎందుకు కలుగుతాయి? గుండె కుడి కర్ణికలో సైనస్ నోడ్ అనే చిన్న కణసముదాయం ఉన్నది. గుండెకు తాళం వేసేది అదే. ఏ నాడి ప్రభావమూ లేకుండా వదిలితే అది నిమిషానికి ఇంచుమించు 100 సార్లు స్పందింపజేస్తుంది. దానిపై రెండు పగ్గాలు పనిచేస్తూ ఉంటాయి. ఒకటి సింపథెటిక్ నాడులు. ప్రమాదం, శ్రమ, ఆందోళన కలిగినప్పుడు ఇవి గుండెను తొందరపెడతాయి. రెండవది మెదడు కాండం నుండి దిగివచ్చే వేగస్ నాడి. విశ్రాంతి వేళలో ఇది గుండెను నెమ్మదింపజేస్తుంది. సింపథెటిక్ ప్రభావం కనిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వేగస్ నాడి మాత్రం ఒకటి రెండు స్పందనలలోనే తన ప్రభావం చూపగలదు. ఊపిరి పీల్చినప్పుడు దాని పట్టు కొంచెం సడలి గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి విడిచినప్పుడు పట్టు బిగిసి వేగం తగ్గుతుంది. కావున స్పందనల మధ్య తేడాలు చక్కగా ఉన్నాయంటే వేగస్ నాడి చురుకుగా ఉన్నదని, శరీరం కోలుకొనే స్థితిలో ఉన్నదని భావించవచ్చు. అలసట, జ్వరం, నిద్రలేమి, మద్యం, మనోవ్యథ వంటివి ఈ తేడాలను సాధారణంగా తగ్గిస్తాయి.

ఇక్కడ మన యంత్రాల పోలికకు ఒక సవరణ అవసరం. బేరింగులో ప్రకంపన పెరిగితే అది చెడుకు సూచన. గుండె విషయంలో ఇది తలక్రిందులు. ఈ సున్నితమైన హెచ్చుతగ్గులు తగ్గిపోవడమే హెచ్చరిక.

నాడిని చూసి శరీర స్థితిని గ్రహించాలన్న ఆలోచన మనకు చిరపరిచితమే. శార్ఙ్గధర సంహిత వంటి ఆయుర్వేద గ్రంథాలు నాడీ గతిని పాము, కప్ప, హంసల గమనాలతో పోల్చాయి. ఆ నాడీ పరీక్ష, ఈ హెచ్.ఆర్.వి. ఒకటి కావు. కాని స్పందనల సంఖ్యను మాత్రమే గాక వాటి నడకను కూడా గమనించాలన్న దృష్టి రెండింటిలోను ఉన్నది. ఆధునిక విజ్ఞానంలో శ్వాసతోపాటు నాడి మారడాన్ని 1847లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ యంత్రసహాయంతో నమోదు చేశారు. గర్భస్థ శిశువు ఆపదలో ఉన్నప్పుడు గుండె వేగం మారకముందే స్పందనల మధ్య తేడాలు మారుతున్నాయని 1965లో హాన్, లీ అనే వైద్యులు గుర్తించారు. ఈ కొలతలకు ఒక ప్రామాణిక పద్ధతిని యూరప్, ఉత్తర అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు కలిసి 1996లో రూపొందించాయి.

ఒక చిన్న లెక్క

మన పాఠకులలో ఇంజినీర్లు, టెక్నీషియన్లు ఎక్కువమంది కాబట్టి లెక్కను కూడా చూద్దాం. వరుసగా ఐదు వ్యవధులు 980, 1,020, 990, 1,030, 1,000 మిల్లీసెకన్లు ఉన్నాయనుకుందాం. పక్కపక్క వ్యవధుల మధ్య తేడాలు 40, 30, 40, 30. వీటి వర్గాలు 1,600, 900, 1,600, 900. మొత్తం 5,000. సగటు 1,250. దాని వర్గమూలం సుమారు 35 మిల్లీసెకన్లు. క్రీడాకారులు ఎక్కువగా వాడే ఆర్.ఎమ్.ఎస్.ఎస్.డి. అన్న కొలత ఇదే. నిజమైన కొలతలో ఐదు వ్యవధులు చాలవు. ఒకటి నుండి ఐదు నిమిషాలపాటు వచ్చే స్పందనలన్నింటినీ లెక్కిస్తారు. లెక్కను పరికరమే చేసిపెడుతుంది.

ఔలు పట్టణంలో ఒక ప్రయోగం

ఈ కొలతను పరుగు శిక్షణకు జతచేసిన గౌరవం ప్రధానంగా ఫిన్లాండ్ దేశానికి దక్కుతుంది. పావో నుర్మి, లాస్సే విరెన్ వంటి మహా పరుగు వీరులను కన్న దేశమది. ఆ దేశపు ఉత్తర భాగంలో, సముద్రతీరాన ఔలు అనే పట్టణం ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఆచార్యుడైన సెప్పో సైనయకంగాస్ 1977లో పోలార్ అనే సంస్థను స్థాపించారు. తీగలు లేకుండా, ఛాతీకి కట్టిన పట్టీ నుండి చేతి గడియారానికి గుండె వేగాన్ని పంపే పరికరాన్ని ఆ సంస్థ 1982లో మార్కెట్‌లోకి తెచ్చింది. ప్రయోగశాలలోని పరీక్ష మైదానంలోకి రావడానికి ఇదే బాట వేసింది.

అదే ఔలులో అంటి కివినియెమి, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 2007లో ప్రచురితమైంది. మధ్యస్థమైన దేహదారుఢ్యం కలిగిన 26 మంది పురుషులను వారు మూడు బృందాలుగా చేశారు. ఒక బృందానికి శిక్షణ లేదు. రెండవ బృందానికి ముందే నిర్ణయించిన పట్టిక ప్రకారం వారానికి ఆరు రోజులు, 40 నిమిషాల చొప్పున పరుగు. అందులో నాలుగు రోజులు కఠినమైనవి, రెండు రోజులు తేలికైనవి. మూడవ బృందానికి మాత్రం పట్టిక లేదు. వారు ప్రతి ఉదయం గుండె లయను కొలుచుకోవాలి. కొలత మామూలుగా ఉన్నా, పెరిగినా ఆ రోజు కఠినమైన పరుగు. గత పది రోజుల సగటు ఆధారంగా నిర్ణయించిన హద్దు కంటె పడిపోయినా, వరుసగా రెండు రోజులు తగ్గుతూ వచ్చినా తేలికపాటి పరుగు లేదా విశ్రాంతి.

నాలుగు వారాల తరువాత ఫలితాలు చూశారు. శరీరం వినియోగించుకోగల గరిష్ఠ ప్రాణవాయువు పరిమాణం, కిలో బరువుకు నిమిషానికి లెక్కిస్తే, పట్టిక బృందంలో 54 మిల్లీలీటర్ల నుండి 55కు మాత్రమే చేరింది. గుండెను అడిగి పరుగెత్తిన బృందంలో 56 నుండి 60కి పెరిగింది. పరీక్షలో అందుకోగలిగిన గరిష్ఠ వేగం పట్టిక బృందంలో గంటకు 15.1 కిలోమీటర్ల నుండి 15.7కు పెరగగా, రెండవ వారిలో 15.5 నుండి 16.4కు పెరిగింది. బృందాలు చిన్నవి, కాలం స్వల్పం. అయినప్పటికీ ఈ ప్రయోగం ఒక కొత్త ప్రశ్నను శిక్షకుల ముందుంచింది. ఎంత శ్రమించాలి అన్నది మాత్రమే కాదు, ఏ రోజు శ్రమించాలి అన్నది కూడా ముఖ్యమేనా?

తక్కువ శ్రమ, తగ్గని ఫలితం

2016లో అదే దేశానికి చెందిన విల్లే వెస్టెరినెన్, ఆయన సహచరులు మరొక అధ్యయనాన్ని ప్రచురించారు. ఇందులో పాల్గొన్న 40 మంది మనవంటి వారే. వృత్తి క్రీడాకారులు కారు, అభిరుచి కొద్దీ పరుగెత్తేవారు. ఎనిమిది వారాలపాటు ఒక బృందం పట్టికను, మరొక బృందం ఉదయపు కొలతను అనుసరించింది. పట్టిక బృందం సగటున 17.7 కఠినమైన, మధ్యస్థమైన పరుగులు చేసింది. కొలత బృందం చేసినవి 13.2 మాత్రమే. అయినా 3,000 మీటర్ల పరుగులో కొలత బృందం వేగం 2.1 శాతం పెరిగింది. పట్టిక బృందంలో పెరుగుదల 1.1 శాతమే. అది యాదృచ్ఛికం కాదని గణాంక శాస్త్రం చెప్పలేకపోయింది. గరిష్ఠ ప్రాణవాయువు విషయంలో మాత్రం రెండు బృందాలూ మెరుగుపడ్డాయి.

ఈ పద్ధతి మంత్రదండం కాదని కూడా చెప్పవలసి ఉన్నది. తరువాత వచ్చిన సమీక్షలు అన్ని అధ్యయనాలనూ కలిపి చూసి, పట్టిక కంటె దీని సగటు ప్రయోజనం చిన్నదేనని తేల్చాయి. కాని మా దృష్టిలో అసలు విషయం వేరు. కఠినమైన పరుగులు నాలుగో వంతు తగ్గినా ఫలితం తగ్గలేదు. ఉద్యోగం, సంసారం, పిల్లల చదువుల మధ్య పరుగుకు వేళ చూసుకొనే మనకు ఇది చిన్న లాభం కాదు.

దీని వెనుక ఉన్న సూత్రం సరళమైనదే. పరుగు స్వయంగా శరీరానికి బలాన్నివ్వదు. పరుగు శరీరాన్ని అలసింపజేస్తుంది. ఆ తరువాత కోలుకొనే సమయంలోనే శరీరం మునుపటి కంటె దృఢంగా తయారవుతుంది. కోలుకోకముందే మళ్లీ కొరడా ఝుళిపిస్తే అలసట మాత్రమే పేరుకుపోతుంది. మా సహోద్యోగికి జరిగినది ఇదే.

ఎలా కొలవాలి?

కొలత తీసుకొనడానికి ఛాతీ పట్టీ నమ్మకమైన సాధనం. చేతి ఫోను కెమెరాపై వేలికొనను ఉంచి కొలిచే సదుపాయం కూడా నేడు అందుబాటులో ఉన్నది. సాధనం ఏదైనా పద్ధతి మారకూడదు. నిద్ర లేచి, మూత్ర విసర్జన చేసి, కాఫీ టీలు సేవించకముందే కొలవాలి. పడుకొని కొలిచేవారు రోజూ పడుకొనే, కూర్చొని కొలిచేవారు రోజూ కూర్చొనే కొలవాలి. బాగా తర్ఫీదు పొంది, గుండె వేగం చాలా తక్కువగా ఉండేవారికి పడుకొని కొలవడం కంటె కూర్చొని లేదా నిలబడి కొలవడం మేలు. ఒక నిమిషం స్థిమితంగా ఉండి, మామూలుగా శ్వాసిస్తూ, మాట్లాడకుండా కొలత తీసుకోవాలి.

మొదటి మూడు నాలుగు వారాలు పరుగులో ఏ మార్పూ చేయకుండా కొలతలను మాత్రమే వ్రాసుకోవాలి. మీ మామూలు పరిధి ఏదో అప్పుడు తెలుస్తుంది. ఆ తరువాత ఒక్క రోజు కొలతను చూసి కంగారుపడక, ఏడు రోజుల సగటును గమనించాలి. సగటు మామూలు పరిధిలో ఉంటే అనుకున్న కఠినమైన పరుగు చేయవచ్చు. పరిధికి దిగువకు జారితే, తిరిగి పైకి వచ్చేదాకా తేలిక పరుగు, నడక లేదా విశ్రాంతి. అకస్మాత్తుగా చాలా పెరిగినా సంబరపడరాదు. విపరీతమైన శ్రమ తరువాత కొందరిలో ఈ కొలత అసాధారణంగా పెరగడం కూడా ఉన్నది. అలసట, కండరాల నొప్పి, చిరాకు తోడైతే ఆ రోజు కూడా ఆగడమే వివేకం.

మరొక ముఖ్యమైన మాట. ఈ సంఖ్యను పక్క క్వార్టరు వారి సంఖ్యతో పోల్చరాదు. ఒకరికి 25 మామూలు కావచ్చు, మరొకరికి 80 మామూలు కావచ్చు. వయసుతోపాటు ఇది తగ్గుతుంది. పిల్లల మార్కుల వలె దీనిని కూడా పోటీకి పెడితే ప్రయోజనం పోయి ఆందోళన మిగులుతుంది. ఆ ఆందోళన వల్ల సంఖ్య మరింత తగ్గుతుంది!

షిఫ్టు ఉద్యోగులకు ప్రత్యేకంగా

రాత్రి షిఫ్టు చేసినవారికి "ఉదయం" అన్న మాటకు అర్థం వేరు. వారు తమ ప్రధాన నిద్ర నుండి మేల్కొన్న వెంటనే, అది మధ్యాహ్నమైనా సరే, కొలుచుకోవాలి. కొలత పక్కన షిఫ్టును కూడా వ్రాసుకోవాలి. రాత్రి షిఫ్టు వారపు కొలతలను మునుపటి రాత్రి షిఫ్టు వారంతో పోల్చుకుంటే చిత్రం స్పష్టంగా ఉంటుంది. షిఫ్టు మారిన మొదటి రెండు రోజులు కఠినమైన పరుగు పెట్టుకోకపోవడం మా బృందం స్వయంగా విధించుకున్న నియమం. ఎండాకాలంలో వేడి ఎక్కువగా ఉండే విభాగాలలో పనిచేసేవారు నీరు తగినంత త్రాగారో లేదో కూడా చూసుకోవాలి. ఒంట్లో నీరు తగ్గినా ఈ కొలత మారుతుంది.

పరికరం లేనివారు నిరుత్సాహపడనవసరం లేదు. లేవగానే ఒక నిమిషంపాటు నాడిని లెక్కించి, నిద్ర ఎలా పట్టింది, ఒళ్లు ఎలా ఉన్నది, మనసు ఎలా ఉన్నది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు ఒక నోటుబుక్కులో వ్రాసుకుంటే చాలు. అది హెచ్.ఆర్.వి. అంత సూక్ష్మం కాకపోయినా గోడ మీది పట్టిక కంటె మేలైన సలహాదారు. అన్నట్టు, ఇంకొక సాధనం ప్రతి ఇంట్లోను ఉన్నది. "ఈ మధ్య మీకు ఊరికే కోపం వస్తున్నది, అన్నం కూడా సరిగా తినడం లేదు" అని ఇల్లాలు గాని, తల్లిగారు గాని అంటే దానిని కూడా ఒక కొలతగా స్వీకరించాలి. మా సహోద్యోగి శ్రీమతి ఆ మాట తొమ్మిదవ వారంలోనే అన్నారట. మేమెవ్వరమూ వినలేదు.

ఈ కొలత చెప్పనివి

హెచ్.ఆర్.వి. రోగ నిర్ధారణ సాధనం కాదు. కొలత బాగున్నదని ఛాతీ నొప్పిని, ఆయాసాన్ని, కళ్లు తిరగడాన్ని ఉపేక్షించరాదు. అటువంటప్పుడు పరుగు ఆపి వెంటనే వైద్యుని సంప్రదించాలి. గుండె లయలో నిజమైన రుగ్మత ఉన్నవారికి, పేస్‌మేకర్ అమర్చుకున్నవారికి ఈ సంఖ్యలు వర్తించవు. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వాడేవారిలోను, దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారిలోను కొలత మారుతుంది. వీరు, నలభై దాటి కొత్తగా పరుగు ప్రారంభించేవారు, ముందుగా వైద్య పరీక్ష చేయించుకోవాలి. అలాగే జ్వరం ఉన్న రోజున ఏ సంఖ్య ఏమి చెప్పినా పరుగు వద్దు.

నిలబడి నీళ్లు తాగడం

కొన్ని నెలల విశ్రాంతి తరువాత మా సహోద్యోగి మళ్లీ పరుగు మొదలుపెట్టారు. గోడ మీద పట్టిక ఇప్పటికీ ఉన్నది. కాని దాని పక్కన ఒక పెన్సిలు వేలాడుతున్నది. కొలత పడిపోయిన రోజున ఆయన ఆ పరుగును కొట్టివేసి "విశ్రాంతి" అని వ్రాస్తారు. మొదట్లో ఆ మాట వ్రాయడానికి చెయ్యి రాలేదని, ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించిందని ఆయనే చెప్పారు. మరుసటి సంవత్సరం అదే మారథాన్‌లో 42.195 కిలోమీటర్లూ పూర్తి చేశారు. ఆయన తీసుకున్న సమయం గొప్పగా చెప్పుకోదగినది కాదు. కాని మరునాడు మధ్యాహ్నం షిఫ్టుకు నవ్వుతూ వచ్చారు. అది చూసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఏ పతకానికీ తీసిపోదు.

పెద్దల సామెతను ఇప్పుడు మేము కొంచెం వేరుగా అర్థం చేసుకుంటున్నాము. పరుగెత్తవద్దని కాదు. పాలు కావాలంటే పరుగెత్తవలసిందే. కాని ఏ రోజు నిలబడి నీళ్లు తాగాలో కూడా తెలిసినవారే చివరిదాకా పరుగెత్తగలరు. ఆ రోజు ఏదో చెప్పడానికి గుండె ప్రతి ఉదయం సిద్ధంగానే ఉన్నది. బూట్లు తొడుక్కొనే ముందు ఒక నిమిషం ఆగి, దానిని అడుగుదాం.